కుడివైపు పద్దెనిమిది చుట్లు

ఫిబ్రవరి 2

అన్నయ్యకి,

నువ్వు బాగానే ఉన్నావని నాకు తెలుసు. బాగాలేకపోతే ఈపాటికి ఎవరో ఒకరి మీద అర్జీ రాసి, దాని నకలొకటి నాకూ పంపి ఉండేవాడివి.

ముందుగా ఒక మాట. ఇకమీదట కింది వాటావాళ్ళ ఫోన్‌కి చెయ్యకు. మొన్న నువ్వు చేసినప్పుడు వాళ్ళింటిల్లిపాదీ పనులు మానుకుని నా చుట్టూ నిలబడ్డారు. నేను ఊఁ, ఆఁ అని సరిపెట్టేసరికి మనింట్లో ఏదో పైకి చెప్పుకోలేని గొడవ ఉందని మర్నాటికి మేడంతా పాకింది. చెప్పాల్సింది ఏదైనా కాగితం మీద రాయి. నీ ఉత్తరం వస్తే నాన్నకి కూడా సంబరం. కవరు చించకముందే పైన అడ్రసు చూసుకుని, "మావాడు రాస్తే అచ్చులో పోసినట్లుంటుంది" అని పోస్టుమాన్‌కి చూపిస్తాడు. తెచ్చిచ్చిన మనిషికే చూపించడం ఏమిటి నాన్నా అంటే వినడు.

ఇక్కడ నీళ్ళతో చస్తున్నాం. మాది మెరక వీధి, అందులోనూ రెండో అంతస్తు. పొద్దున ఐదింటి నుంచి ఏడింటి దాకా నీళ్ళొదులుతారు. మూడు వారాలుగా వారానికి మూడు నాలుగు రోజులు సరిగ్గా ఐదున్నరకి కుళాయి దారంలా సన్నబడిపోతోంది. ఆరున్నరకి మళ్ళీ మామూలే. బకెట్ కింద పెట్టి నేను స్కూలు ఆలస్యమవుతోందని ఏడుస్తుంటే, మీ బావగారు బస్సు డిపో ఆలస్యమవుతోందని నా మీద ఏడుస్తారు.

మందుల షాపు మలుపులో రోడ్డు కింద పల్లపు వీధి వాల్వు ఉంది చూడు, మన చిన్నప్పుడు నాన్న మనల్ని అక్కడికి భుజాన వేసుకుని తీసుకెళ్ళేవాడు. నాన్న అక్టోబరులో నీళ్ళ ఆఫీసు నుంచి రిటైరయ్యాక ఆ చోట కొత్త లైన్‌మన్ వచ్చాడు. అతను వచ్చిన రోజు నుంచీ అది తిరగట్లేదట. తుప్పుపట్టి బిగుసుకుపోయిందని ఆఫీసుకి రాసిచ్చాడు. అందుకని పల్లపు వీధికి లారీలో నీళ్ళు తెచ్చి పోస్తున్నారు. రోడ్డు తవ్వి కొత్త వాల్వు వేస్తామంటున్నారు. ఇంతలో ఎవడో తెల్లారేసరికి ఆ తిరగని వాల్వుని తిప్పేస్తున్నాడని మా మేడవాళ్ళ అనుమానం. పల్లానికి నీళ్ళు వదిలి, మళ్ళీ మూసేసి పోతున్నాడట. ముప్పై రెండేళ్ళు ఆ వాల్వు తిప్పిన మనిషి ఇంట్లోనే ఉన్నాడు కదా, ఏం జరుగుతోంది నాన్నా అని అడిగాను. "నేను రిటైరైన మనిషిని, నాకేం తెలుసు" అని పేపరు వెనక్కి వెళ్ళిపోయాడు.

నాన్న గురించే కొంచెం బెంగగా ఉంది. పొద్దున్నే నడకకని పోయి రెండు గంటలు రాడు. వచ్చాక టీ తాగుతూ తనలో తను లెక్కపెట్టుకుంటాడు. తొమ్మిది, పది, పదకొండు. అక్కడ ఆగి కప్పులోకి చూస్తూ కూర్చుంటాడు. కుడి భుజం నొప్పంటాడు, డాక్టరు దగ్గరికి రమ్మంటే రాడు. మొన్న చొక్కా మీద తుప్పు మరకలు కనబడితే పార్కు బెంచీ అన్నాడు. పార్కు బెంచీలు సిమెంటువి.

నేను మాత్రం ఈ మధ్య ఒక సుఖం కనిపెట్టాను. స్కూలు నుంచి వచ్చేటప్పుడు ఒక స్టాపు వెనక్కి నడిచి బస్సెక్కితే కిటికీ సీటు దొరుకుతోంది. ఇరవై నిమిషాలు ఎవరూ నన్నేమీ అడగరు.

ఉంటాను,
చెల్లి


ఫిబ్రవరి 7

చెల్లాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. రెండుసార్లు చదివాను. ఇక్కడ విశేషం ఏమిటంటే మా రికార్డు రూముకి కొత్త ఫ్యాన్ వచ్చింది, సరిగ్గా నా నెత్తిమీద. పదకొండేళ్ళ సర్వీసులో నా వాటాకి వచ్చిన మొదటి గాలి. కాగితాలు ఎగరకుండా నున్నటి గులకరాళ్ళు నాలుగు ఏరుకొచ్చి పెట్టుకున్నాను. పక్క సీటాయన ఒకటి అడిగాడు, ఇవ్వలేదు.

నాన్న సంగతి చదివాక ఆ గాలి కూడా సుఖంగా లేదు. మా హెడ్డుగారి మావగారికి అచ్చం ఇలాగే మొదలైందట. ముందు తనలో తను లెక్కలు, తర్వాత అడిగినదానికి పొంతన లేని జవాబులు, ఆ తర్వాత ఒకరోజు నడకకి వెళ్ళి ఇంటిదారి మర్చిపోయాడు. రెండో రోజుకి బస్టాండులో దొరికాడు. నీకు ఉద్యోగం, ఇల్లు, బావగారి షిఫ్టులు. వీటి మధ్య నాన్నని కనిపెట్టుకుని ఉండటం నీవల్ల కాదు. నెలాఖరులోగా నా దగ్గరికి పంపించెయ్. ఇక్కడ పెద్దాసుపత్రిలో మతిమరుపుకి వేరే డాక్టరున్నాడు.

నీళ్ళ సంగతి నాకు వదిలెయ్. ఇప్పుడింతకంటే ఏమీ చెప్పను. పనయ్యాక నువ్వే సంతోషిస్తావు.

ఇట్లు,
అన్నయ్య


ఫిబ్రవరి 12

అన్నయ్యకి,

నీ ఉత్తరం నాన్న చేతిలో పడింది. ఎప్పట్లాగే పోస్టుమాన్‌కి కవరు చూపించి, మెట్ల మీదే విప్పి చదువుకున్నాడు. నేను వచ్చేసరికి కాగితం మడతపెట్టి బల్ల మీద ఉంది, కళ్ళజోడు దాని మీద ఉంది. "వాడి దగ్గరికి నేను ఎందుకెళ్ళాలో రాశాడు, చదువుకో" అన్నాడంతే. రెండు రోజులుగా నాతోనూ సరిగా మాట్లాడట్లేదు. ఆ బెంగ నేను నీకు రాశానని తెలిసిపోయింది కదా మరి.

నావల్ల కాదని ఎంత తేలిగ్గా రాశావన్నయ్యా. అమ్మ పోయినప్పటి నుంచి నాన్న తిన్నాడా లేదా అని చూస్తున్నది నేను. నువ్వు ఏడాదికోసారి వచ్చి, నాలుగు రోజులుండి, ఇంట్లో ఫ్యూజులన్నీ సరిచేసి పోతావు. నాన్న ఫ్యూజు కాదు. నీ దగ్గరికి పంపే ప్రసక్తే లేదు, ఆ మాట మళ్ళీ ఎత్తకు.

మా మేడవాళ్ళు ఆదివారం మీటింగు పెట్టారు. అందరూ కలిసి మీ బావగారిని ముందుకి తోశారు. డిపోలో టైమ్‌కీపరు కాబట్టి తెల్లవారుజామున లేవడం అలవాటేనట, పొద్దుటి షిఫ్టు మారగానే మలుపులో కాపలా ఉండాలట. ఆయనకీ కోపంగానే ఉంది. రాత్రి అన్నం దగ్గర, ఆ వాల్వు తిప్పేవాడు చిక్కితే చెయ్యి విరిచి ఆ చేతికే ఇస్తానన్నారు. నాన్న కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు. అన్నం సగం అలాగే ఉంది. నీ ఉత్తరం బాధ ఇంకా పోలేదని సరిపెట్టుకున్నాను.

మా స్కూలు ఆయా ఉండేది పల్లపు వీధిలోనే. ఈ వారం నేను స్కూలు ఆఫీసులో టైపు చేస్తుంటే పక్కన కూర్చుని కబుర్లు చెప్పింది. మూడు నెలలు లారీ వెంట బిందెలు పట్టుకుని పరిగెత్తారట. లారీ వచ్చేది పదింటికి, ఆమె స్కూల్లో ఉండాల్సింది ఎనిమిదింటికి. కూతురు చదువు మానుకుని నీళ్ళకోసం ఇంటి దగ్గర ఉండేదట. ఇప్పుడు ఎవరో మహానుభావుడు వారానికి మూడు రోజులైనా కుళాయిలో వదులుతున్నాడని, అతనెవరో తెలిస్తే కాళ్ళకి మొక్కుతానని అంది. నేను టైపు చేస్తూ ఉండిపోయాను. ఒకే మనిషి చెయ్యి మావాళ్ళు విరుస్తామంటున్నారు, ఆమె మొక్కుతానంటోంది. నాకైతే ఆ మనిషి దొరికితే బాగుండుననే ఉంది, మా కుళాయి కోసం.

నీ మీద కోపం తగ్గలేదు,
చెల్లి


ఫిబ్రవరి 16

చెల్లాయికి ఆశీస్సులు.

ఫ్యూజు మాట గుచ్చుకుంది. నేను మంచికే రాశాను, మాట బాగా రాలేదు. కాగితం మీద ఆఫీసు పనే తప్ప ఇంటి పని నాకు చేతకాదని మీ వదిన కూడా అంటూ ఉండేది. ఆమె పోయాక ఆ లోపం చెప్పేవాళ్ళు కూడా లేక ఇంకా ముదిరింది. నాన్నకి నా తరఫున క్షమించమని చెప్పు. ఆస్పత్రి మాట ఇక ఎత్తను.

నీ కోపం పోగొట్టడానికి నా దగ్గర ఒక వార్త ఉంది. ఫిబ్రవరి 10వ తేదీన మీ ఊరి నీళ్ళ ఆఫీసుకి రిజిస్టరు పోస్టులో అర్జీ పంపాను. ఇంజనీరుగారికి ఒకటి, ఆయన పైఅధికారికి ఒకటి, ఆ పైన ఉన్నాయనకి ఒకటి. బరువు కోసం నా హోదా కూడా రాశాను. నీ పేరు రానివ్వలేదు, మనింటివాళ్ళ పని అనుకోకుండా నా ఇంటిపేరు కూడా వదిలేశాను, ఎంతో జాగ్రత్తగా ప్రజాహితం దృష్ట్యా అని మొదలుపెట్టాను. ఒక్క ముక్క నీకోసం ఎత్తి రాస్తున్నాను. "ప్రభుత్వ వాల్వును దొంగచాటుగా తిప్పుచున్న సదరు వ్యక్తి వద్ద ఆఫీసు వారి కీ ఉండి తీరవలెను. అది ఎట్లు చేరినదో విచారించి, అట్టి వ్యక్తిని కాపు వేసి పట్టుకుని, దొంగతనం కింద పోలీసువారికి అప్పగించవలసినదిగా కోరుచున్నాను."

ఎలా ఉంది? కీ సంగతి నేను తప్ప ఇంకొకరు ఊహించలేరు. వాల్వు మనిషి కొడుకుని కదా. ఆ ఇనప కడ్డీ లేకుండా ఏ వాల్వూ కదలదని నాకు ఆరో ఏటే తెలుసు.

నీ కుళాయి ధారగా వచ్చిన రోజు నాకొక కార్డు ముక్క రాయి.

ఇట్లు,
అన్నయ్య


ఫిబ్రవరి 17

అన్నయ్యా,

నీ జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగలేక రాస్తున్నాను. ఇది చదివి చింపెయ్. ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా ఎవరికీ ఏ అర్జీ రాయకు.

నువ్వు రాసిన ఆ బస్టాండు మనిషి కథ నన్ను పట్టుకుంది. నాన్న కూడా దారి తప్పుతాడేమోనని నిన్న పొద్దున వెనకాలే వెళ్ళాను. పార్కు వైపు తిరగలేదు. మందుల షాపు వెనక సందులోకి వెళ్ళి, పాత హోర్డింగు చెక్కల వెనక నుంచి ఇనప కీ బయటికి తీశాడు. మనం చిన్నప్పుడు ఊగేవాళ్ళమే, నా నడుమెత్తు కడ్డీ, పైన అడ్డంగా పిడి, అదే. రోడ్డు మధ్యకి వచ్చి మూత తీశాడు, కీ దించాడు, తిప్పడం మొదలుపెట్టాడు. నేను గోడ పక్కన నిలబడి చూస్తున్నాను.

పదకొండు చుట్లు తిప్పి రోడ్డు మీదే కూలబడ్డాడు. లెక్కలో పదకొండు దగ్గర ఎందుకు ఆగుతాడో అప్పుడు అర్థమైంది. దగ్గరికి వెళ్ళాను. నన్ను చూసి ఉలిక్కిపడలేదు. "ఇంకా ఏడున్నాయి" అన్నాడు. ఏం చెయ్యమంటావు? మిగతా ఏడు చుట్లూ నేనే తిప్పాను. నేను ఎడమవైపు తిప్పబోతే చెయ్యి పట్టుకుని కుడికి తిప్పించాడు. రోడ్డు కింద నీళ్ళు కదిలిన చప్పుడు అరికాళ్ళకి తెలిసింది.

అసలు సంగతి ఇది. వాల్వులన్నీ ఎడమకి తిప్పితే తెరుచుకుంటాయి, కుడికి తిప్పితే మూసుకుంటాయి. ఇదొక్కటే తిరకాసుది, కుడికి తిప్పితేనే తెరుచుకుంటుంది. పైపు వేసిన రోజుల్లోనే ఎక్కడిదో వేరే రకం తెచ్చి బిగించేశారట. ఊళ్ళో ఆ సంగతి తెలిసింది నాన్నకి ఒక్కడికే. కొత్త లైన్‌మన్ వచ్చి మూసి ఉన్నదాన్ని ఇంకా మూసే వైపుకే తిప్పుతున్నాడు. అది ఎందుకు కదులుతుంది? బిగుసుకుపోయిందని రాసిచ్చేశాడు.

మరి చెప్పొచ్చు కదా నాన్నా అన్నాను. అప్పుడు చెప్పాడు. రిటైరైన రోజు దండ వేసి పంపించారట గానీ, ఏ వాల్వు ఎలాంటిదని ఒక్కరూ అడగలేదట. అవసరమైతే వాళ్ళే వస్తారు, వచ్చి అడుగుతారు అనుకున్నాడట. నవంబరంతా చూశాడు, డిసెంబరంతా చూశాడు. రోజూ తలుపు చప్పుడైతే ఆఫీసు మనిషేమోనని చూసేవాడట. ఇంతలో ఒకరోజు లారీ దగ్గర ఆడవాళ్ళు జుట్లు పట్టుకుని కొట్టుకోవడం చూశాడు. "వాళ్ళు కొట్టుకున్నది నా మూలానే కదమ్మా" అన్నాడు. ఆరున్నరకి ఇద్దరం కలిసి వాల్వు మళ్ళీ మూసేశాం.

మీ బావగారికి ఇంకా తెలీదు. నిన్న రాత్రి కూడా ఆయన కర్రకి నూనె రాసుకున్నారు.

చెల్లి


ఫిబ్రవరి 21
ఎక్స్‌ప్రెస్ డెలివరీ

చెల్లీ,

నీ 17వ తేదీ ఉత్తరం ఇవాళే అందింది. ఈపాటికి నా 16వ తేదీది నీకు చేరి ఉంటుంది. చేరాక నీకెలా ఉందో ఊహించగలను, అందుకే ఆ సంగతి రాయను.

మధ్యాహ్నం నీళ్ళ ఆఫీసు నుంచి నా అర్జీకి జవాబు వచ్చింది. ఇన్నేళ్ళుగా ఎన్ని అర్జీలు రాశానో, తిరుగు టపాలో జవాబు వచ్చినది ఇదొక్కటే. నా సూచన బాగుందట. ఫిబ్రవరి 25 నుంచి మలుపులో కాపు వేస్తారట. మేడవాళ్ళని కూడా తోడు పిలిచారట.

ఇంకొకటి ఉంది, అది నీకు తెలీదు. నాన్న రిటైరయ్యేటప్పుడు కీ అప్పగించాలి. వర్షాకాలంలో కాలవలో కొట్టుకుపోయిందని చెప్పాడు. అప్పుడు సెలవు మీద ఇంట్లో ఉన్నది నేనే. ఆ స్టేట్‌మెంటు నా చేత్తోనే రాశాను, సాక్షిగా సంతకం కూడా పెట్టాను. నా చేత అబద్ధం రాయించాడు, చెల్లీ. జీవితంలో ఒక్క తప్పుడు కాగితం రాయలేదని అందరి దగ్గరా చెప్పుకుని తిరుగుతున్నాను. ఇప్పుడు కీ బయటపడితే నాన్న మీద దొంగతనం, నా మీద తప్పుడు సాక్ష్యం. నా ఉద్యోగం నిలవదు.

కీ తీసి ఎక్కడైనా పారెయ్. నాన్నని గుమ్మం దాటనివ్వకు. అర్జీ వెనక్కి తీసుకుంటానని రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను. కారణం ఏమని రాయను?

అన్నయ్య


ఫిబ్రవరి 24

అన్నయ్యా,

రెండు ఉత్తరాలూ అందాయి. నిన్ను తిట్టడానికి కూడా ఓపిక లేదు. నా మొదటి ఉత్తరంలో కుళాయి గోల అంత రాసింది నేనే కదా.

కీ పారెయ్యలేకపోయాను. చేతిలోకి తీసుకుంటే పిడి రెండు పక్కలా నాన్న అరచేతులు పడి అరిగిపోయిన చోట్లు ఉన్నాయి. మేడ మీద ట్యాంకు కింద దాచాను. కాపు వేస్తున్నారని నాన్నకి చెప్పాను. వేయించింది ఎవరో చెప్పలేదు. మేడవాళ్ళు ఎవరో రాశారన్నాను. "ఎన్ని గంటల నుంచి ఉంటారు?" అని అడిగాడు. వద్దు నాన్నా, నీకు దణ్ణం పెడతాను అన్నాను. తల ఊపాడు. ఊపాడంటే ఒప్పుకున్నట్లేనా? నువ్వు ఉంటే బాగుండును.

వారం రోజులుగా నాన్నని మలుపు వైపు పోనివ్వట్లేదు, మా కుళాయి ధారగా వస్తోంది. నువ్వు కార్డు రాయమన్నావుగా, అందుకని చెబుతున్నాను. మా ఆయా మూడు రోజులుగా ఆలస్యంగా వస్తోంది. హెడ్‌మిస్ట్రెస్ ఆమె చేత సంజాయిషీ రాయించమంటే నేనే టైపు చేశాను.

చెల్లి


ఫిబ్రవరి 27

చెల్లీ,

నీ దగ్గర్నుంచి ఏమీ లేదు. నిన్నా ఇవాళా రెండు పూటలా పోస్టాఫీసుకి వెళ్ళాను. కింది వాటావాళ్ళ ఫోన్‌కి చేద్దామని నంబరు తిప్పి, మోగకముందే పెట్టేశాను. ఏం జరిగిందో ఒక్క ముక్క రాయి.

అన్నయ్య


ఫిబ్రవరి 28

అన్నయ్యా,

పట్టుకున్నారు. మొన్న, 26వ తేదీన. తాపీగా చదువు. నాన్న ఇంట్లోనే ఉన్నాడు, భోంచేసి పడుకున్నాడు.

ఈ మేడ మీద దాచడానికి ట్యాంకు కింద తప్ప ఇంకెక్కడా చోటు లేదని నాకంటే నాన్నకే బాగా తెలుసు. ఎప్పటికంటే ఆలస్యంగా, ఆరు దాటి, వెలుగొచ్చాక బయల్దేరాడు. దొంగచాటుగా కాదు. కీ భుజాన పెట్టుకుని, డ్యూటీకి వెళ్ళినట్లు రోడ్డు మధ్యలో నడిచాడు. కాపు వేసినవాళ్ళు ఇంజనీరు, కొత్త లైన్‌మన్, మీ బావగారు. ముందు చూసింది ఆయనే. పాపం ఆయన కర్ర కింద పడేసి, వాళ్ళకి అడ్డం నిలబడి, మా మావగారండీ, నడకకి వచ్చారు, ఒంట్లో బాగుండదు అని ఏదేదో చెప్పారట. నాన్న ఆయన్ని పక్కకి జరగమన్నాడు. మూత తీశాడు.

నన్ను మందుల షాపాయన కేకేస్తే పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి నాన్న తిప్పుతూ ఉన్నాడు. తిప్పుతూనే లైన్‌మన్‌కి చెబుతున్నాడు, ఇలా చూడు బాబూ, ఇది కుడికి, పద్దెనిమిది చుట్లు అని. లైన్‌మన్ వంగి చూస్తున్నాడు కూడా. చూపించడానికే వెళ్ళాడన్నయ్యా. వాళ్ళు అడగడానికి రారని తెలిసిపోయి, తనే వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. కానీ ఇంజనీరు చూసింది వాల్వుని కాదు, కీ మీద ఉన్న ఆఫీసు నంబరుని. తొమ్మిదో చుట్టు దగ్గర కీ లాక్కున్నారు.

ఆఫీసులో ఇంజనీరుకి నాన్న మొత్తం చెప్పాడు. ఆయన నమ్మలేదు. వాల్వులు ఏ వైపు తిరుగుతాయో పుస్తకంలో ఉంటుందట, ఒక్కోటి ఒక్కో వైపు తిరగదట. బిగుసుకున్నదాన్ని బలవంతంగా తిప్పి పాడుచేశారన్నాడు. మార్చి 9లోగా కీ గురించి సంజాయిషీ రాసివ్వాలి, లేకపోతే పోలీసులకి అప్పగిస్తారు. 10న రోడ్డు తవ్వుతారు.

ఇప్పుడు నేను రాసేది నువ్వు కూర్చుని చదువు. ఇంజనీరు ఫైలు తీసి బల్ల మీద పెట్టాడు. నీ అర్జీ. పైన ఎర్ర సిరాతో నంబరు వేసి ఉంది. ఈయనెవరో మీకు తెలుసా, వేరే ఊరి నుంచి మీ మీద ఇంత వివరంగా రాశాడు, ఏదైనా పగ ఉందా అని అడిగాడు. నాన్న కళ్ళజోడు పెట్టుకున్నాడు. కాగితం దగ్గరికి తెచ్చుకున్నాడు. రెండు పేజీలూ చదివాడు, ఒక్క లైను వదలకుండా, వేలు పెట్టుకుని మరీ. నీ సంతకం దగ్గర వేలు ఆగింది.

"తెలీదండీ" అన్నాడు.

కాగితం జాగ్రత్తగా మడతల మీదే మడిచి ఇచ్చేశాడు. ఇస్తూ, "ఎవరోగానీ చక్కగా రాశారు" అన్నాడు.

ఇంటికి నడిచి వచ్చాం. నేను ఏడుస్తూనే వచ్చాను. నీకు తెలీక జరిగిందని, నాకోసమే రాశావని చెప్పాను. విన్నాడు. వాడిమీద కోపమా నాన్నా అని అడిగాను. సాయంత్రం టీ తాగుతూ నన్ను పిలిచి, నీకు ఉత్తరం రాయమన్నాడు. ఆ వాల్వు కుడికి తెరుచుకుంటుందని నిన్ను ఒక అర్జీ రాయమన్నాడు. "నేను చెబితే వినలేదు. వాడు రాస్తే వింటారు. ఒక్క అర్జీకి ముగ్గురు ఆఫీసర్లు కదిలారు చూశావా" అన్నాడు. వెక్కిరింపు కాదన్నయ్యా, నిజంగానే అన్నాడు. నీ పేరు బయటికి రాకుండా రాయమన్నాడు, నీ ఉద్యోగం జాగ్రత్త అన్నాడు.

మీ బావగారు రెండు రోజులుగా మేడవాళ్ళతో మాట్లాడట్లేదు. ఈ పూట నాన్న భుజానికి ఆయనే కాపడం పెట్టారు.

చెల్లి


మార్చి 4
ఎక్స్‌ప్రెస్ డెలివరీ

చెల్లాయికి,

నీ ఉత్తరం రికార్డు రూములో చదివాను. ఫ్యాన్ ఆపేసి చదివాను. పక్క సీటాయన ఏమైందని అడిగితే గులకరాయి ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టాను. నేను పట్టించింది మా నాన్నని అని ఎలా చెబుతాను? ఆయన నన్ను ఎరగనన్నాడు. నా ఉద్యోగం కోసం, నలుగురి ముందు, నా సంతకం మీద వేలు పెట్టి. నేను ఇంతకాలం నాన్న గురించి ఏ ఉత్తరంలో ఏం రాశానో గుర్తు చేసుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

అర్జీ రాశాను. ఇలాంటిది రాయడం నాకు ఇదే మొదటిసారి, నాలుగుసార్లు చించేశాను. మామూలుగా వచ్చే మాటలేవీ రాలేదు. నాన్న చెప్పినట్లు పేరు దాచి రాయలేదు. ఆ ఒక్క విషయంలో ఆయన మాట వినను. నువ్వు తిప్పిన ఏడు చుట్లూ మాత్రం రాయలేదు, అవి మన ఇంట్లోనే ఉండనీ. పోస్టులో వెయ్యట్లేదు, నేనే తెస్తున్నాను. శనివారం పొద్దున దిగుతాను. సోమవారం నాన్నని తీసుకుని ఇద్దరం ఆఫీసుకి వెళ్తాం. నాన్నకి ముందుగా చదివి వినిపించడానికి నకలు ఇక్కడే రాస్తున్నాను. తప్పులుంటే దిద్దమను.

అయ్యా,

ఫిబ్రవరి 10న తమకు అర్జీ పంపినది నేనే. దొంగ అని రాశాను. తెలియక రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కీ కాలవలో కొట్టుకుపోయిందన్న కాగితం కూడా నా చేతి రాతే, కింద సాక్షి సంతకమూ నాదే. అది నిజం కాదు. దానికి ఏ శిక్ష వేసినా ఇద్దరికీ కలిపి వెయ్యండి.

పల్లపు వీధి వాల్వు పాడవలేదు. అది కుడివైపుకి తెరుచుకుంటుంది, పద్దెనిమిది చుట్లు. రోడ్డు తవ్వే ముందు ఒక్కసారి తమ మనిషి చేత తిప్పించి చూడండి. పదకొండో చుట్టు దగ్గర కొంచెం బరువుగా ఉంటుంది, ఆపవద్దు. మిగతా వాల్వుల గుట్టు కూడా తెలిసినవారు ఒకరున్నారు. తమరు అడిగితే చెబుతారు. అక్టోబరు నుంచి ఎదురుచూస్తున్నారు.

నా సంతకం చూపించి ఎవరని తమరు అడిగితే ఆయన తెలీదన్నారు. తెలుసు.

ఇట్లు,
ఆయన కొడుకు